మొదటి పాత బైనాక్యులర్: బ్రిటిష్‌దా, జర్మన్‌దా?

రెండో ప్రపంచ యుద్ధం నాటి పాడైన బైనాక్యులర్ కొని బాగుచేయాలంటే ముందు కనిపించేవి రెండు: బ్రిటిష్ సైన్యం వాడిన నెం.2, జర్మన్ల డీన్‌స్ట్‌గ్లాస్. రెండూ 6×30, అంటే ఆరు రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం వెడల్పు 30 మి.మీ.

ధర: బ్రిటిష్‌ది విరివిగా దొరుకుతుంది, చవక. జర్మన్‌దానికి కలెక్టర్ల పోటీ ఎక్కువ.

పని: రెండింటికీ దాదాపు ఒకటే. అద్దాల మీది ఫంగస్ తుడవాలి, కదిలిన ప్రిజంలు (లోపల కాంతిని మళ్లించే గాజు ముక్కలు) సర్దాలి. అసలు కష్టం రెండు గొట్టాల చూపునూ ఒకచోట కలపడం. అది కుదరకపోతే అద్దాలు ఎంత మెరిసినా తలనొప్పే. అందుకే ప్రిజం తీసేముందు దాని చోటు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

రిస్క్: జర్మన్‌దాని మీద తయారీదారు కోడ్ ఉంటుంది. బీఎల్‌సీ అంటే జైస్ కంపెనీ, బీఈహెచ్ అంటే లైట్జ్ కంపెనీ. కొత్త రంగు వేసి దాన్ని చెరిపేస్తే విలువ పోయినట్టే.

చేయి తిరిగేదాకా బ్రిటిష్‌దే తీసుకోండి. పని అలవాటై, గుర్తులతో సహా కాపాడే ఓపిక ఉంటే జర్మన్‌ది.