అక్వేరియంలో ఉప్పు కొలవడానికి హైడ్రోమీటరా, రిఫ్రాక్టోమీటరా?

శ్రీకాకుళంలో ఉప్పునీటి అక్వేరియం పెట్టేవాళ్లు తక్కువే గానీ, పెట్టినవాళ్లందరికీ ముందు వచ్చే సందేహం ఇదే: ఉప్పు దేనితో కొలవాలి? నా ఓటు రిఫ్రాక్టోమీటర్‌కే, కాకపోతే ఒక షరతు మీద.

హైడ్రోమీటర్ నీటి సాంద్రతను బట్టి ఉప్పు చెబుతుంది. అందులో ముల్లు తిరిగే ప్లాస్టిక్ రకం చవక, వాడకం సులువు. చిక్కంతా ఆ ముల్లుతోనే. గాలి బుడగలు అంటుకుంటే పైకి లేచి ఉప్పు ఎక్కువ చూపిస్తుంది. ఎండిన ఉప్పు పేరుకుంటే బరువెక్కి తక్కువ చూపిస్తుంది. తట్టి, కడిగి ఎంత జాగ్రత్తగా వాడినా దాన్ని నమ్మి పగడాలు పెంచమని మాత్రం చెప్పలేను. నీళ్లలో తేలే గాజుది నయమే. కానీ 15 డిగ్రీల నీటికి గుర్తులు పెట్టినదాన్ని మన 28 డిగ్రీల నీళ్లలో వదిలితే అదీ తక్కువే చూపిస్తుంది.

నీళ్లలో కాంతి ఎంత వంగుతుందో చూసి ఉప్పు చెప్పే రిఫ్రాక్టోమీటర్ మన రొయ్యల రైతులకు కొత్త కాదు. అద్దం మీద రెండు చుక్కలు వేసి, మూత దించి, వెలుగు వైపు తిప్పి చూస్తే నీలం, తెలుపు కలిసేచోట అంకె కనిపిస్తుంది. ఒకటి రెండు పీపీటీ (వెయ్యి గ్రాముల ఉప్పునీటిలో ఎన్ని గ్రాముల ఉప్పో ఆ లెక్క) అటూ ఇటూ అయినా వనామి రొయ్య తట్టుకుంటుంది. పగడాలకు మాత్రం 35 దగ్గర నిలకడగా ఉండాలి.

షరతు ఇక్కడే. చాలామంది డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచేసి ఊరుకుంటారు. చవక రకాల్లో చాలావాటికి గీతలు వంట ఉప్పు నీళ్లను బట్టి గీసినవే. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం, కాల్షియం లాంటివీ ఉండి కాంతి వంగే తీరు మారుతుంది కాబట్టి అసలు 35 ఉంటే అవి దాదాపు 36.5 చూపిస్తాయి. అందుకే పరికరం సరిచూసుకోవడానికి అమ్మే 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతోనే సరిచేయాలి. అది దొరక్కపోతే 36.5 గ్రాముల ప్యాకెట్ ఉప్పును 963.5 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ఆ నీటికి గీత 35 మీద నిలిచేలా స్క్రూ తిప్పుకోవచ్చు. నౌపడ కల్లుప్పు వంటకు ఎంత బాగున్నా ఈ పనికి వద్దు. అందులోని తేమతో తూకం తప్పుతుంది.

నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు చెప్పే కండక్టివిటీ మీటర్ కూడా మంచిదే, ఖర్చు ఎక్కువ. 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 53 మిల్లీసీమెన్స్ చూపిస్తే 35 పీపీటీ ఉన్నట్టు.

కళింగపట్నం నుంచి నీళ్లు తెచ్చుకునేవాళ్లు "సముద్రపు నీళ్లే కదా, కొలవడమెందుకు" అంటుంటారు. అక్కడ వంశధార కలుస్తుంది. పైగా వానలు తగ్గాక కూడా ఉత్తరాది నదుల మంచినీరు తీరం వెంట దక్షిణానికి వస్తుంది. దసరా, దీపావళి రోజుల్లో తెచ్చిన నీళ్లు తప్పక కొలిచి, తగ్గినంత మేర మెరైన్ సాల్ట్ (అక్వేరియాలకు అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం) కలిపాకే ట్యాంకులో పోయండి.