మాల్టాలో తిరగడానికి బస్సా, పడవా, కారా?

మధ్యధరా సముద్రంలోని చిన్న దీవుల దేశం మాల్టా. దాని ముఖ్యద్వీపం ఈ కొస నుంచి ఆ కొసకి 27 కిలోమీటర్లే. మ్యాప్‌లో చూస్తే గంటలో చుట్టేయొచ్చనిపిస్తుంది. పొద్దున ఎనిమిదింటికి స్లీమా పట్నం దగ్గర రోడ్డెక్కితే ఆ ధీమా ఎగిరిపోతుంది. రైలు ఆశ పెట్టుకోకండి. రాజధాని వలెట్టా నుంచి పాత రాజధాని ఇమ్దీనా వైపు నడిచిన ఒక్క లైను 1931లోనే మూతపడింది.

అందుకే హోటల్ బుక్ చేసేటప్పుడే రవాణా సంగతి తేల్చుకోవాలి. ఉత్తరాన ఉన్న బుజిబ్బా వైపు గదులు చవకగా దొరుకుతాయి గానీ, వలెట్టా రావడానికే పూట గడిచిపోతుంది. మేం స్లీమా రేవుకి దగ్గర్లో దిగాం. గది చిన్నది, అద్దె ఎక్కువ, అయినా పడవెక్కితే పది నిమిషాల్లోపే వలెట్టా. అవతలి ఒడ్డున దిగాక ఊళ్లోకి ఎత్తు బాగా ఎక్కాల్సి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు వెంట ఉన్నారు కాబట్టి ఈ మాట ముందే చెప్తున్నాను. వలెట్టాకి రెండో పక్కనున్న గ్రాండ్ హార్బర్ రేవు వైపు దిగేవాళ్లకి మాత్రం 58 మీటర్ల ఎత్తున్న బరాక్కా లిఫ్టు ఉంది. తిన్నగా పై తోటలోకి చేరుస్తుంది. హార్బర్ అవతల ‘మూడు నగరాలు’ అని పిలిచే పాత కోట పట్నాలకి పడవలు ఆ లిఫ్టు కింది నుంచే.

బస్సుల్లో ఒక టికెట్ మీద రెండు గంటల దాకా మారుతూ వెళ్లొచ్చు. రోజూ తిరిగేవాళ్లకి ఏడు రోజుల ఎక్స్‌ప్లోర్ కార్డు గిట్టుబాటు. అక్కడే నివసించేవాళ్లకి 2022 అక్టోబర్ నుంచి బస్సు ఉచితం, ఇక రద్దీ సంగతి మన వాళ్లకి వేరే చెప్పాలా! స్టాపులో నిలబడితే చాలదు, చెయ్యి ఎత్తాలి. నిండిపోయిన బస్సు ఎంత ఊపినా ఆగదు. కాబట్టి మధ్య స్టాపుల్లో కాచుకోకుండా వలెట్టా టెర్మినల్‌కి వెళ్లి ఎక్కడం మేలు, సీటు దొరుకుతుంది. ఆదివారం చేపల సంత చూడ్డానికి మార్సాష్లోక్ వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరాలి.

కారు విషయానికొస్తే, బ్రిటిష్ వాళ్ల పుణ్యమా అని అక్కడా ఎడమ వైపు నడకే, మనకి కొత్త కాదు. పార్కింగే నరకం. మేం కారు తీసుకున్న చోట పాత గీతకి కూడా డబ్బడిగారు, తీసుకునేటప్పుడే వీడియో తీసి ఉంచాం కాబట్టి బయటపడ్డాం. ముఖ్యద్వీపంలో కారు దండగ. రాత్రి పొద్దుపోతే బోల్ట్ యాప్‌లో క్యాబ్ చాలు.

పక్క దీవి గోజోలో లెక్క వేరు. అక్కడి బస్సులు చాలావరకు ఆ దీవి ముఖ్యపట్టణం విక్టోరియా మీదుగానే తిరుగుతాయి, ఒకటి తప్పితే చాలాసేపు కూర్చోవాలి. జగంతియా రాతి గుడులు, ఉప్పు మడులు ఒకే రోజు చూడాలంటే అక్కడ కారో, మాట్లాడుకున్న ట్యాక్సీయో ఉండాలి. ముఖ్యద్వీపం ఉత్తరపు కొసనున్న చిర్కెవ్వా రేవు నుంచి గోజోకి పెద్ద ఫెర్రీ పాతిక నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరుగు ప్రయాణంలోనే తీసుకుంటారు. వలెట్టా నుంచి నేరుగా వెళ్లే ఫాస్ట్ ఫెర్రీ ముప్పావు గంట. స్లీమా, వలెట్టాల్లో బస చేసేవాళ్లకి అదే నయం, చిర్కెవ్వా దాకా బస్సులో వేలాడే పని తప్పుతుంది. గాలి గట్టిగా వీస్తే మాత్రం ఫాస్ట్ ఫెర్రీ ఆపేస్తారు, పొద్దున బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి.