రెండు ఎన్‌విఎంఈలు కొన్నాక రెయిడ్ పెట్టాలా, విడిగా వాడుకోవాలా? ఏది మేలు?

మొన్న మా పిన్ని కొడుకు విశాఖ డాబాగార్డెన్స్‌లో షాపులోంచే ఫోన్ చేశాడు, "అన్నయ్యా, 1 టీబీ ఎన్‌విఎంఈలు రెండు తీసుకుంటున్నాను, రెయిడ్ జీరో పెట్టీమంటున్నాడు షాపతను, స్పీడు డబుల్ అయిపోద్దంట, పెట్టించీనా?" అని. వాడు గాజువాకలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు, నాదీ పెదవాల్తేరులో అదే పని. "డ్రైవులు తెచ్చుకో, ఏటి చెయ్యాలో ఇంటికొచ్చాక చూద్దాం" అనేసి పెట్టేశాను గానీ, ఇదే ప్రశ్న ఏడాదికి నలుగురైనా అడుగుతున్నారు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

ఎన్‌విఎంఈ అంటే బోర్డు మీద ఎం.2 స్లాటులో గుచ్చే వేగమైన ఎస్‌ఎస్‌డీ, రెయిడ్ అంటే ఒకటికి మించి డ్రైవుల్ని కలిపి ఒకటే డ్రైవులా వాడుకోవడం. రెండు డ్రైవులుంటే దారులు మూడు. రెయిడ్ జీరో అంటే ఫైలుని ముక్కలు చేసి సగం ఇందులో సగం అందులో రాయడం, 2 టీబీ మొత్తం దొరుకుద్ది, ఒకటి పోతే రెండూ పోయినట్టే. రెయిడ్ వన్ అంటే రెండింట్లోనూ అదే రాయడం, దొరికేది 1 టీబీయే, ఒకటి పోయినా పని ఆగదు. మూడోది ఏ రెయిడూ లేకుండా డి డ్రైవు, ఇ డ్రైవు అని విడివిడిగా వాడుకోవడం.

ముందు ఆ "డబుల్" సంగతి తేలుద్దాం. డ్రైవు అట్ట మీద సెకనుకి 7000 ఎంబీ అని ఉంటుంది, రెండు కలిపితే 14000 అని మనం లెక్కేసేస్తాం. మావాడిది ఏఎండీ ప్రాసెసర్లకి వచ్చే బీ550 మదర్‌బోర్డు. అందులో మొదటి ఎం.2 స్లాటు నేరుగా ప్రాసెసర్‌కి వెళ్తుంది, అది జెన్ 4 (పీసీఐఈ అనే దారిలో నాలుగో తరం, జెన్ 3 కంటే రెట్టింపు వేగం). రెండోది చిప్‌సెట్ (బోర్డు మీదుండే ఇంకో చిప్పు) మీదుగా వెళ్తుంది, అది జెన్ 3, అంటే ఎంత మంచి డ్రైవు పెట్టినా 3500 దగ్గర ఆగిపోద్ది. రెయిడ్ జీరో రెండింటికీ సమానంగా పంచుతుంది కాబట్టి వేగంగా ఉన్నది నెమ్మదిగా ఉన్నదాని కోసం కూర్చుని ఉంటుంది, మొత్తం కలిపి 7000. మొదటి స్లాటులో ఒక్క జెన్ 4 డ్రైవు ఒంటరిగా ఇచ్చేదీ అంతే! ఇంటెల్‌లో పదో జనరేషన్ వరకూ మామూలు బోర్డుల్లో ఎం.2 స్లాట్లన్నీ చిప్‌సెట్ మీదే ఉండేవి, అక్కడ్నుంచి ప్రాసెసర్‌కి ఉన్న దారే సెకనుకి 4 జీబీలోపు, కాబట్టి రెండు పెట్టినా ఒకటి పెట్టినా దాదాపు అదే నంబరు. రెండు లేన్ల రోడ్డు మద్దిలపాలెం దగ్గరికొచ్చి ఒక లేను అయిపోయినట్టన్నమాట.

సరే, మీ బోర్డులో రెండు స్లాట్లూ ప్రాసెసర్‌కే ఉన్నాయి, నిజంగానే డబుల్ వచ్చింది అనుకుందాం. ఆ స్పీడు మన పనిలో ఎక్కడ పనికొస్తుంది? పెళ్ళిళ్ళకి వాడే కెమెరాల్లో 4కే ఎక్కువగా 100 మెగాబిట్లు, అంటే సెకనుకి 12.5 ఎంబీ. నాలుగు కెమెరాల మల్టీక్యామ్ టైమ్‌లైన్ మీద పెట్టినా 50 ఎంబీ, పాత సాటా ఎస్‌ఎస్‌డీ కూడా నవ్వుకుంటూ ఇచ్చేస్తుంది. ప్లేబ్యాక్ అడ్డుకునేది హెచ్.265ని (వీడియోని బాగా కుదించే పద్ధతి) విప్పలేక అవస్థపడే ప్రాసెసరో గ్రాఫిక్స్ కార్డో, డ్రైవు కాదు. కార్డులోంచి ఫుటేజ్ ఎక్కించేటప్పుడూ అంతే, మంచి యూహెచ్‌ఎస్-2 (వేగమైన రకం) మెమరీ కార్డు సెకనుకి 250 ఎంబీతో చదివినా 128 జీబీకి ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది, మామూలు కార్డయితే ఇరవై నిమిషాల పైమాటే, అవతల రెయిడ్ ఉన్నా లేకపోయినా ఒకటే. విండోస్ లేవడం, సాఫ్ట్‌వేర్ ఓపెనవ్వడం లాంటివైతే చిన్నచిన్న ఫైళ్ళ మీద నడుస్తాయి, వాటికి రెయిడ్ జీరోతో పెద్ద తేడా ఏమీ రాదు.

ఇదంతా ఇప్పుడు చెప్తున్నాను గానీ నేనూ పెట్టుకున్నవాణ్ణే. బెంచ్‌మార్క్ స్క్రీన్‌షాట్ తీసి నలుగురికీ పంపుకున్నా కూడా. తర్వాత ఒక వానాకాలం రాత్రి కరెంటు పోయింది, గంటలు గడిచినా రాలేదు, యూపీఎస్ కూడా అయిపోయింది. పొద్దున్న ఆన్ చేస్తే గడియారం ఎప్పటిదో తేదీ చూపిస్తోంది. బోర్డు మీద ఉండే గుండ్రటి బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయి బయోస్ (బోర్డు గుర్తుపెట్టుకునే) సెట్టింగులన్నీ మొదటికొచ్చేశాయి, ఎన్‌విఎంఈ రెయిడ్ మోడ్ ఆఫ్ అయిపోయింది. విండోస్ వేరే సాటా డ్రైవులో ఉంది కాబట్టి అది మామూలుగానే లేచింది, లేచి ఒక డ్రైవుని చూపించి "దీన్ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి" అని బాక్సు పెట్టింది. మా అసిస్టెంట్ కుర్రాడు మౌసు పట్టుకుని "ఓకే కొట్టీనా అన్నా?" అంటున్నాడు! ఆనందపురం పెళ్ళి అందులోనే ఉంది, జీలకర్ర బెల్లంతో సహా. వాడి చెయ్యి పట్టుకుని ఆపి, బ్యాటరీ మార్చి, బయోస్‌లో మోడ్ తిరిగి ఆన్ చేస్తే ఆ రెండు డ్రైవుల జోడీ మొత్తం ఎక్కడిదక్కడే కనపడింది. పెళ్ళివాళ్ళని పిలిచి మళ్ళీ ఒకసారి జీలకర్ర బెల్లం పెట్టుకోండి అని అడగలేం కదా.

మరి రెయిడ్ వన్? ఇది మంచిదే, కానీ జనం అనుకునేంత కాదు. డ్రైవు చచ్చిపోతే కాపాడుతుంది, అంతే. మీరు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండింట్లోనూ అదే క్షణంలో డిలీట్ అవుద్ది, వైరస్ వచ్చినా రెండింటికీ వస్తుంది. ఇంకో ఇరకాటం ఉంది, ఇది హార్డ్ డిస్కుల కాలంలో అంతగా తెలిసేది కాదు. ఎస్‌ఎస్‌డీలు రెండూ ఒకే మోడల్, ఒకే రోజు కొన్నవి, రాతలు కూడా రెండింటికీ సరిగ్గా ఒకటే, కాబట్టి అరిగేది కూడా జోడీగానే. 2019 నవంబరులో హెచ్‌పీఈ కంపెనీ తన సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డీలకి అర్జెంటుగా కొత్త ఫర్మ్‌వేర్ (డ్రైవు లోపల నడిచే ప్రోగ్రాము) ఇచ్చింది, ఎందుకంటే అవి సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని తేలింది, డేటా కూడా తిరిగి రాదు. ఒకేసారి ఆన్ చేసిన డ్రైవులు ఒకేసారి పోతే రెయిడ్ వన్ ఏం చేస్తుంది చెప్పండి. రెయిడ్ వన్ పెట్టేవాళ్ళు రెండు వేరే కంపెనీలవి తీసుకోండి, సైజు కొంచెం అటూఇటూ అయినా చిన్నదాని లెక్కన సర్దుకుంటుంది.

రోజంతా మెషీను ఆగకూడదు, బిల్లింగో ఆఫీసు సర్వరో నడవాలి అనేవాళ్ళకి రెయిడ్ వన్ సరైనది. రెయిడ్ 5కి కనీసం మూడు, రెయిడ్ 10కి నాలుగు డ్రైవులు కావాలి, మామూలు బోర్డులో అన్ని స్లాట్లే ఉండవు, పైగా రెయిడ్ 5లో రాస్తుండగా కరెంటు పోతే పారిటీ (పోయిన డేటాని తిరిగి కట్టడానికి రాసుకునే లెక్క) తప్పే ప్రమాదం వేరే, కాబట్టి ఆ గోల మనకొద్దు.

నా ఓటు మూడోదానికే. బీ550 లాంటి బోర్డయితే ప్రాసెసర్ స్లాటులో ఉన్నదాంట్లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్యాష్, ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి కాపీలు), ఎక్స్‌పోర్టు, రెండోదాంట్లో ఫుటేజ్. ఒకదాంట్లోంచి చదువుతూ ఇంకోదాంట్లో రాసుకోవచ్చు, ఒకటి పోయినా రెండోది మిగులుద్ది, బయోస్ సెట్టింగులు ఎగిరిపోయినా ఏ డ్రైవుకా డ్రైవు మామూలుగా కనపడుద్ది, ఇంకో కంప్యూటర్లో పెట్టినా చదువుద్ది. క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు ఇరికించే రకం) డ్రైవు మాత్రం రాతలకి పెట్టొద్దు, దాని లోపలి క్యాష్ నిండాక స్పీడు హార్డ్ డిస్కు స్థాయికి పడిపోయేవి ఉన్నాయి. హీట్‌సింక్ వెయ్యండి, మన ఏప్రిల్, మే ఉక్కపోతలో ఏసీ లేని గదిలో గ్రాఫిక్స్ కార్డు కిందున్న స్లాటు వేడెక్కి డ్రైవు తనంతట తనే స్పీడు తగ్గించేసుకుంటుంది.

ఇక్కడ రెయిడ్ మాటే మర్చిపోయి చెయ్యాల్సింది ఒకటుంది. కార్డులోంచి ఫుటేజ్ ఎక్కించిన రోజే ఇంకో కాపీ మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్కులోకి, అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చెయ్యొద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసినవాణ్ణి, కిటికీ అద్దాలు పగిలి గదంతా నీళ్ళయితే కేసులో రెండు డ్రైవులున్నా నాలుగున్నా తడిసేది కలిసే. అందుకని నా హార్డ్ డిస్కుల్లో ఒకటి విజయనగరంలో అత్తారింటి బీరువాలో ఉంటుంది, పండక్కి వెళ్ళినప్పుడల్లా మారుస్తాను, మా ఆవిడ దానికి కూడా పసుపు కుంకుమ పెడతానంటుంది.

రెయిడ్ జీరో అసలు వద్దా అంటే, రా ఫుటేజ్ మీద 8కే పని, 10 గిగాబిట్ నెట్‌వర్క్‌లో కాపీ ఇంకోచోట ఉంది, ఇది పోయినా అరగంటలో మళ్ళీ ఎక్కించుకుంటాను అనేవాళ్ళు హాయిగా పెట్టుకోండి.

మావాడు సాయంత్రం డ్రైవులు పట్టుకుని వచ్చాడు, విడివిడిగానే పెట్టాం. షాపులో రెయిడ్ కార్డు కూడా తీసుకోమన్నారట, ఆ డబ్బులు యూపీఎస్‌కి కొత్త బ్యాటరీకి సరిపోయాయి. బిళ్ళ బ్యాటరీ కూడా మార్పించాను, అరవై రూపాయలో ఎంతో.