మిషిగన్ సరస్సులో సాల్మన్ చార్టర్ బుక్ చేస్తున్నారా? ఈ కెప్టెన్ అయితే ఆగండి

రేవు నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. బట్టలు ఆరలేదు, కోపం అసలే ఆరలేదు, కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎవరి గురించి చెబుతున్నానో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. విస్కాన్సిన్ వైపు రేవు, తెల్లటి పెద్ద బోటు, బల్ల మీద వరసగా పేర్చిన కింగ్ సాల్మన్ ఫొటోలు, కింద "ఈ రోజు కూడా లిమిట్ కొట్టేశాం" అని రాత, అంటే మనిషికి రోజుకి పట్టనిచ్చే చేపలన్నీ పట్టేశామని. ఆయనే. పేరు రాయను. రాస్తే ఇంకో గొడవ, దానికి ఓపిక లేదు.

కథ ముందు భాగం గబగబా చెప్పేస్తాను. ఆరుగురం, కెప్టెన్‌తో సహా బోటు అద్దెకి తీసుకుని చేపల వేటకి ఆరు గంటల ట్రిప్, 900 డాలర్లు. మొత్తం ముందే కడితే 75 తగ్గిస్తానన్నాడు, కార్డు వద్దు, ఆ ఫీజులు తనకి బరువట, బ్యాంకు యాప్‌లో నేరుగా పంపేయమన్నాడు. పంపేశాం. 75 డాలర్లు మిగిలాయని బోటెక్కకముందే సంబరపడ్డ మా తెలివికి ఓ దండం. లైసెన్సులు, వాటి మీద మనిషికి 10 డాలర్ల గ్రేట్ లేక్స్ సాల్మన్ ట్రౌట్ స్టాంపు కూడా ముందే కొనుక్కున్నాం. ఆ స్టాంపు డబ్బు చేపపిల్లల్ని పెంచి సరస్సులో వదలడానికి పోతుంది, మొత్తం వ్యవహారంలో సరైన చోటికి చేరిన డబ్బు అదొక్కటే.

జులై చివర్లో కింగ్స్ కోసం ఎవరైనా వెళ్తారు. ఏప్రిల్, మే నెలల్లో కోహో అనే చిన్న రకం సాల్మన్లు దక్షిణం కొసన ఇల్లినాయ్, ఇండియానా ఒడ్డుల దగ్గర దొరుకుతాయి. ఎండలు ముదిరాక కింగ్స్ ఉత్తరానికి వచ్చి విస్కాన్సిన్ రేవుల ముందు లోతు నీళ్లలో తిరుగుతాయి, 20 పౌండ్ల చేప తగిలితే రీల్ చేసే చప్పుడు జన్మలో మర్చిపోరని అందరూ చెప్పేదే. మా బావమరిది అయితే వారం ముందు నుంచే డౌన్‌రిగ్గర్ (బరువు కట్టి గాలాన్ని లోతుకి దించే పరికరం) వీడియోలు చూసి, బరువు ఎంత లోతుకి దించాలో నాకే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఇంతకీ ఆ బరువు ఎంత లోతుకి దిగిందో తర్వాత చెబుతాను.

ముందురోజు సాయంత్రం నేషనల్ వెదర్ సర్వీస్ సూచన చూశాను. తీరం పొడవునా స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ. ఈ పెద్ద సరస్సుల మీద గాలి 22 నాట్లు అందుకుంటుందన్నా, అలలు 4 అడుగులు మించుతాయన్నా ఆ హెచ్చరిక పెడతారు. అదీ ఈశాన్యం గాలి. ఈ సరస్సు పొడవు 307 మైళ్లు, ఉత్తరం వైపు నుంచి గాలి పట్టిందంటే అలకి పరిగెత్తడానికి అంత మైదానం దొరికినట్టే. పైగా సముద్రం అలల్లాగా తాపీగా రావు ఇవి, ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా నిలువుగా లేస్తాయి, బోటు ఒకటి దిగేలోపు రెండోది మీద పడుతుంది. ఇవన్నీ తెలిసే మెసేజ్ పెట్టాను, "రేపు అడ్వైజరీ ఉంది, ట్రిప్ ఉంటుందా, ఇంకో రోజుకి మార్చుకుందామా?" అని. జవాబు ఒకటే ముక్క: "ఈ సరస్సు నాకు తెలుసు. 4:30కి డాక్ దగ్గర ఉండండి."

ఉన్నాం.

రేవులో తక్కిన చార్టర్ బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కదాని ఇంజను కూడా మోగడం లేదు. పక్క బోటు కెప్టెన్ కాఫీ కప్పు పట్టుకుని గట్టు మీద నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు, ఆ చూపు ఏమిటో అప్పుడు అర్థం కాలేదు. మావాడొకడు "మనోడికి గుండె ధైర్యం ఎక్కువరా" అన్నాడు కూడా. మరే.

బోటు కదిలింది. ఇక్కడ ఒక్క విషయం గమనించండి, ఎందుకంటే నాకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాల్సింది. చేపలు పట్టాలనుకున్న మనిషి బోటులో మేట్, అంటే కెప్టెన్ సహాయకుడు, ఖాళీగా కూర్చోడు. మెరిసే స్పూన్ ఎరలు ఎంచుతాడు, చేపల్ని ఆకర్షించే ఫ్లాషర్లు తగిలిస్తాడు, గాలాన్ని లోతుకి లాగే డిప్సీలు సర్దుతాడు, విస్కాన్సిన్‌లో మనిషికి మూడు గాలాల లెక్కన ఎన్ని వెయ్యాలో, ఏది ఎటు పక్క వెయ్యాలో చూసుకుంటాడు. మా మేట్ ఏ పెట్టే తెరవలేదు. రాడ్లు హోల్డర్లలో అలంకారానికి నిలబడి ఉన్నాయి. కుర్రాడు రెయిన్ జాకెట్ జిప్ మెడ దాకా లాక్కుని, కాళ్లు తన్నిపెట్టి, రెయిలింగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. వాడికి తెలుసు, మేం వెళ్తున్నది వేటకి కాదని.

రేవుకి అలలు తగలకుండా కట్టిన గట్టు, బ్రేక్‌వాటర్, దాని చివర దీపం దాటగానే మొదటి అల. ముక్కు లేచింది, దభీమని పడింది, ముందు కూర్చున్న ఇద్దరూ తలనుంచి తడిసిపోయారు. రెండోది, మూడోది. మా బావమరిది మొహం పాలిపోయి రెయిలింగు మీదికి వంగిపోయాడు. అప్పుడు కెప్టెన్ స్టీరింగ్ దగ్గర నుంచి గట్టిగా, ఇంజను చప్పుడు మీద వినపడేలా అరిచాడు: "నీకు బాగానే ఉందా? వెనక్కి వెళ్దామా?" వాంతి చేసుకుంటున్న మనిషి ఏం చెబుతాడండీ, చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి అవునని ఊపాడో, ఆగమని ఊపాడో, నన్ను వదిలెయ్ బాబూ అని ఊపాడో వాడికే తెలియదు. బోటు ఆ క్షణంలోనే తిరిగింది. పాపం మనిషి మంచివాడు, అడిగి మరీ తిప్పాడు అనుకున్నాను నేను. నిజంగా అనుకున్నాను.

ఇరవై నిమిషాల్లో మళ్లీ డాక్ దగ్గర ఉన్నాం. డౌన్‌రిగ్గర్ బరువు నీటి మొహం చూడలేదు.

తాళ్లు కట్టేశాక అడిగాను, "ఎప్పటికి మారుద్దాం? వచ్చే వారాంతం ఖాళీ ఉందా?" అని. మామూలుగానే అడిగాను, గొడవ ఉద్దేశం ఏమీ లేదు. ఆయన హోస్ పైపుతో డెక్ కడుగుతూ, తల కూడా ఎత్తకుండా, "దేన్ని మార్చడం? ట్రిప్ అయిపోయింది కదా" అన్నాడు.

జోక్ అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఒక్క గాలం కూడా వెయ్యలేదు కదా" అన్నాను.

"బోటు డాక్ వదిలితే డబ్బు వాపసు లేదు, నా పేజీలో రాసి ఉంది, చదువుకోండి. పైగా వెనక్కి తిప్పమన్నది మీవాళ్లే. నేను అడిగాను, ఆయన చెయ్యి ఊపాడు, మా కుర్రాడు చూశాడు." అని మేట్ వైపు తిరిగాడు. మేట్ నేల చూపులు చూస్తూ తాడు చుడుతున్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ అరుపు ఎందుకు అరిచాడో, ఇంజను మోతలో కూడా ఆరుగురికీ వినపడేలా ఎందుకు అరిచాడో. రాత్రి తనే రద్దు చేసుంటే 825 డాలర్లు ఇంకో రోజుకి బదిలీ చెయ్యాలి, పొద్దున్న డాక్ దగ్గర రద్దు చేసినా అంతే. గట్టు దాటించి, మాలో ఎవడో ఒకడు వంగేదాకా ఆగి, వాడి చేతే ఊఁ అనిపిస్తే ఇరవై నిమిషాల డీజిల్ ఖర్చుతో మొత్తం డబ్బు ఆయనదే.

మేం గొంతు పెంచాం, పెంచమా మరి. అప్పుడు ఆయన మాకు సరస్సు శాస్త్రం చెప్పాడు! "అయినా ఇవాళ వెళ్లినా మీకు ఏమీ పడేది కాదు. తూర్పు గాలి వేడి నీళ్లన్నీ ఈ ఒడ్డుకి తోసేసింది, చల్లటి నీళ్లు ఎక్కడో అడుగుకి పోయాయి." విషయం నిజమే, అదే ఇంకా మండించింది. కింగ్స్‌కి 54 డిగ్రీల ఫారన్‌హీట్ అటూ ఇటూ ఉన్న నీళ్లు కావాలి, పడమటి గాలి వీస్తే పైన ఉన్న వేడి నీళ్లు లోపలికి పోయి చల్లనివి ఒడ్డు దగ్గరికి లేస్తాయి, తూర్పు గాలికి అంతా తిరగబడుతుంది. ఈ ఒడ్డున పడవ నడిపే ప్రతివాడికీ తెలుసు. అయ్యా, ఈ జ్ఞానం మీకు రాత్రి నా మెసేజ్ చదివినప్పుడు లేదా? డబ్బు తీసుకోవడానికి సరస్సు తెలుసు, వద్దని చెప్పడానికి మాత్రం తెలియదు.

ఇంకా అయిపోలేదు. మేం సామాన్లు దించుకుంటుంటే కూలర్ మీదున్న డబ్బా చూపించి, "కుర్రాడికి టిప్ మర్చిపోకండి, మామూలుగా 20 శాతం ఇస్తారు" అన్నాడు. ఈ మాట తల్చుకుంటే ఇప్పుడు కూడా చేతులు వణుకుతున్నాయి. మా బావమరిది గట్టు మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు, వాడి షూలో నీళ్లు ఇంకా కారుతున్నాయి, ఈయన టిప్ అడుగుతున్నాడు.

కారు దగ్గరికి వెళ్తుంటే ఆ కాఫీ కప్పు కెప్టెన్ పలకరించాడు. తన కస్టమర్లకి రాత్రి ఎనిమిదికే ఫోన్ చేసి వేరే తేదీ ఇచ్చేశాడట, వాతావరణం వల్ల కెప్టెన్ ఆపితే అడ్వాన్సు వాపసు ఇవ్వడమో, ఇంకో తేదీకి మార్చడమో ఆ రేవులో అందరూ చేసేదేనట. "ఆయన సంగతి మాకు తెలుసు" అని భుజాలెగరేశాడు. తెలిస్తే మేం బోటెక్కేటప్పుడు ఒక్క మాట చెప్పొచ్చుగా మహానుభావా! సరే, ఆయన్ని ఏమంటాం, పక్కవాడి వ్యాపారం.

డబ్బు సంగతి పక్కన పెట్టండి కాసేపు. ఈ సరస్సుతో ఇలాంటి ఆటలు ఆడకూడదు. 1966లో మిషిగన్ రాష్ట్రం వాళ్లు కోహో పిల్లల్ని నదుల్లో వదిలారు, ఏడాది తిరిగేసరికి అవి పెద్దవై వస్తే జనం చిన్నా పెద్దా పడవలన్నీ వేసుకుని ఎగబడ్డారు. 1967 సెప్టెంబరు 23న ఈ సరస్సులోనే మిషిగన్ వైపు ప్లాట్ బే ప్రాంతంలో ఒక్కసారిగా గాలివాన విరుచుకుపడి ఏడుగురు చచ్చిపోయారు. ఆ రోజు కూడా హెచ్చరిక ఉంది, చేపల పిచ్చిలో చాలామంది పట్టించుకోలేదు. వాళ్లకి చేపల మీద ఆశ, ఈయనకి రసీదు మీద ఆశ. మాలో ఇద్దరికి ఈత రాదు, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూపించను కూడా లేదు, మేం అడిగితే సీటు కింద ఉన్నాయని చేత్తో చూపించాడు. గోడ మీద కోస్ట్ గార్డ్ ఇచ్చిన కెప్టెన్ లైసెన్సు మాత్రం ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. అది బోటు నడపడానికి ఇచ్చేది లెండి, బుద్ధికి కాదు.

ఇంటికొచ్చాక ఆ ఫొటోలు మళ్లీ తీసి చూశాను. జులైలో "నిన్నటి వేట" అని పెట్టిన ఒక ఫొటోలో కింగ్స్ ముదురు గోధుమ రంగులో, దవడలు కొక్కెంలా వంగి ఉన్నాయి. నడి వేసవిలో సరస్సు మధ్య పట్టిన కింగ్ వెండిలా మెరుస్తుంది. ఆ రంగు, ఆ దవడ సెప్టెంబరు, అక్టోబరుల్లో గుడ్లు పెట్టడానికి నదుల వైపు వచ్చినప్పటివి. అంటే పాత ఫొటో. ఇంకోదాంట్లో ముప్పై చేపలు, ఆరుగురికి తలా ఐదు లెక్కన లిమిట్ అన్నమాట, కానీ వెనక నిలబడింది ముగ్గురే. తక్కిన ముగ్గురూ మా బావమరిదిలాగా గట్టు మీద కూర్చున్నారేమో.

బ్యాంకుకి ఫోన్ చేశాను. మీరే మీ చేతులతో పంపారు, మోసం కింద రాదు, మేమేం చెయ్యలేం అన్నారు. కార్డు అయ్యుంటే కనీసం డిస్ప్యూట్ వేసేవాళ్లం. కార్డు ఫీజులు ఎందుకు బరువో ఇప్పుడు తెలిసింది.

బుక్ చేసేవాళ్లు వాతావరణం బాగోకపోతే ఎవరు ఆపాలి, ఎంతసేపు గాలాలు వేస్తే ట్రిప్ అయినట్టు లెక్క, ఈ రెండూ మెసేజ్‌లో రాయించుకోండి. అడ్వాన్సు మించి ముందే ఇవ్వకండి, అదీ కార్డు మీదే. అడ్వైజరీ ఉన్న పొద్దున రేవులో మీ బోటొక్కటే బయల్దేరుతుంటే ఎక్కకండి.

ఈయన దగ్గర ఆగస్టుకి బుక్ చేసినవాళ్లు మనలోనే ఇద్దరు ముగ్గురు ఉన్నారని విన్నాను. ఇవాళే మెసేజ్ పెట్టి "బ్రేక్‌వాటర్ దాటి వెనక్కి వస్తే మా డబ్బు సంగతేంటి?" అని అడగండి. నాకైతే ఇందాకే ఒక మెసేజ్ వచ్చింది, ఈ సీజన్‌లో మళ్లీ బుక్ చేస్తే 10 శాతం తగ్గిస్తాడట.