అమరావతి శిల్పం: స్మార్ట్‌బోర్డ్ మీదా, ఎగ్మూర్ మ్యూజియంలోనా?

చెన్నైలో మా తెలుగు పిల్లలకి అమరావతి శిల్పాలు చూపించాలంటే నాకు రెండు దారులున్నాయి: క్లాసులో స్మార్ట్‌బోర్డ్, లేదా 1851లో మొదలైన ఎగ్మూర్ మ్యూజియం. బుద్ధుడు శాంతపరిచిన మదపుటేనుగు నలగిరి శిల్పమే తీసుకోండి. ఒకే గుండ్రటి పలకలో ఆ ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకపక్క జనం మీద విరుచుకుపడుతూ, ఇంకోపక్క బుద్ధుడి కాళ్ల దగ్గర మోకరిల్లి.

బోర్డు మీద జూమ్ చేస్తే పై కిటికీల్లోంచి చూసే మొహాలు కూడా వెనక బెంచీ దాకా తెలుస్తాయి, మ్యూజియంలో ఆ సౌకర్యం లేదు. కానీ బోర్డు మీద చూసి వదిలేస్తారు, అక్కడ ఎదురుగా కూర్చుని పెన్సిల్‌తో గీయమంటే, "మిస్, ఇవి రెండు ఏనుగులా, ఒకటేనా?" అని వాళ్లే అడుగుతారు.

బస్సు, పర్మిషన్ల టెన్షన్ ఉంటుంది. అయినా నా ఓటు మ్యూజియానికే. బోర్డు మర్నాటికి: వాళ్లు గీసిన బొమ్మ పక్కన ఫోటో పెట్టి తేడాలు వెతికిస్తాను.