షిమొనాడా స్టేషన్: రోజూ రైలెక్కేవాళ్లకు ఎలా ఉంటుంది?

జపాన్‌లోని షికోకు దీవిలో, ఎహిమే ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఉందీ స్టేషన్. కొన్నేళ్లుగా ఇక్కడి నుంచే ఎహిమే ముఖ్యపట్టణమైన మత్సుయామాకు వెళ్లి వస్తున్నాను. ఒకే ప్లాట్‌ఫారం, దాని మీద చిన్న కప్పు, కింద బెంచీలు, పట్టాల అవతల సముద్రం. రైల్వేవాళ్ల పోస్టర్లతో ఈ దృశ్యం దేశమంతా తెలిసిపోయింది. చాలామంది ఫొటో కోసమే వస్తారు. నేను మాత్రం స్టేషన్‌గా ఎలా పనికొస్తుందో చెబుతాను.

ఇక్కడ సిబ్బంది ఉండరు. మన హాల్ట్ స్టేషన్లలోలా టికెట్లమ్మే ఏజెంటు కూడా లేడు. రైలంటే చాలాసార్లు ఒక్కటే డీజిల్ పెట్టె. ఎక్కేచోట చిన్న మిషన్లోంచి నంబరున్న చీటీ తీసుకోవాలి. డ్రైవర్ వెనక పైన ఉన్న బోర్డులో ఆ నంబరు కింద మన ఛార్జీ కనిపిస్తూ, స్టేషన్ స్టేషన్‌కూ పెరుగుతుంటుంది. చిన్న స్టేషన్లో దిగితే చీటీ, డబ్బులు కలిపి డ్రైవర్ పక్కనున్న డబ్బాలో వేయాలి, మత్సుయామాలో అయితే గేటు దగ్గర కట్టాలి. ఐసీ కార్డును (ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే కార్డు) నమ్ముకుని రావద్దు. వెయ్యి యెన్ల నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి.

అసలు ఇబ్బంది టైములతోనే. 1935లో తెరిచిన స్టేషన్ ఇది. 1986లో ఉచికో అనే ఊరి మీదుగా కొండలవైపు దగ్గరి దారి వేశాక ఎక్స్‌ప్రెస్‌లన్నీ అటే పోయాయి. ఈ ఒడ్డు లైనుకు మిగిలినవి లోకల్ బళ్లే. పగలు ఒకటి తప్పిపోతే రెండు గంటలైనా కూర్చోవాల్సి రావచ్చు. చలికాలంలో వాయవ్యం నుంచి సముద్రపు గాలి సూటిగా కొడుతుంది, ఆ కప్పు ఏమాత్రం ఆపదు. అప్పుడు వెనకున్న చెక్క స్టేషన్ గదిలోకి వెళ్లి కూర్చోవడమే మంచిది.

ఇన్ని చెప్పినా నాకు ఈ స్టేషన్ అంటే ప్రాణం. జీతానికి మనిషి లేడన్న మాటే గానీ, చూసుకునేవాళ్లు లేక కాదు. ఊళ్లో పెద్దవాళ్లు వచ్చి పూలమొక్కల మధ్య గడ్డి పీకి, బెంచీలు తుడిచి వెళ్తుంటారు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి పట్టాలు ఎర్రగా మెరుస్తాయి. అంతలో రైలొచ్చి ఆగితే సముద్రం మొత్తం దాని వెనక్కి పోతుంది, కిటికీల్లోంచి ముక్కలు ముక్కలుగా మాత్రం కనిపిస్తుంది. రోజూ చూసేదే అయినా నాకు విసుగు పుట్టలేదు.

వారాంతాల్లో కార్ల రద్దీ మాత్రం బాధగా ఉంటుంది. దారి సన్నం, ఇళ్ల ముందే ఆపేస్తారు. దయచేసి రైల్లోనే రండి. ఈ లైను నిలబడాలంటే టికెట్ కొనేవాళ్లు కావాలి. 2014లో మొదలైన ఇయోనాడా మొనొగతారి టూరిస్టు రైలు కూడా ఇక్కడ కాసేపు ఆగుతుంది, కానీ దానికి ముందే సీటు రిజర్వ్ చేసుకోవాలి. లోకల్‌కు ఆ గొడవ లేదు. మత్సుయామా నుంచి సుమారు గంట ప్రయాణం. ఎక్కేముందు అది ఈ ఒడ్డు లైనులో, నగహామా మీదుగా వెళ్లేదేనా అని బోర్డు చూసుకుని, కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. తిరుగు రైలు టైము కూడా అప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి.