ఆరేళ్ళ సవారీ, మూడు వెస్టులు: ధర్మాబాద్ ఎండలో నాకు పనికొచ్చింది ఏది

గుర్రపు సవారీకి చాతీ చుట్టూ తొడుక్కునే రక్షణ చొక్కా కోసం సేఫ్టీ వెస్టు అని ఫోన్లో వెతికితే ముందు వచ్చేది రోడ్డు పనోళ్ళు వేసుకునే మెరుపు పట్టీల పచ్చ జాకెట్టు. మా తమ్ముడు పాపం 2018లో అదే తెప్పించాడు. అది తొడుక్కొని గుర్రం మీంచి పడితే దూరం నుంచి బాగా కనబడతాం, అంతే. ఎముకలకు ఒరిగేదేమీ లేదు.

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. బాసర దాటి, రాష్ట్రం గీత దాటితే మా ఊరే. ఇంట్లో తెలుగు, మిర్చి బజార్లో మరాఠీ. తాత నాటి నుంచి గుర్రాలున్నాయి. ఇప్పుడు రెండు మార్వాడీ ఆడగుర్రాలు, ఒక కాఠియావాడీ. పెళ్ళిళ్ళ బారాతులకు పంపుతాం. అది కాక ఏటా ఒకటో రెండో పిల్ల గుర్రాలను కొని, జీనుకూ కళ్ళేనికీ అలవాటు చేసి, మాళేగావ్ యాత్రలో అమ్ముతాను. (నాసిక్ దిక్కు మాళేగావ్ కాదు, మా జిల్లాలోనే లోహా తాలూకాది. మనం మల్లన్న అనే దేవుడే అక్కడ ఖండోబా.) పిల్ల గుర్రాలతో పనంటే పడటం కూడా పనిలో భాగమే. 2018 ఫిబ్రవరిలో శనగ చేను గట్టు మీద పడి ఎడమ పక్కటెముకలు రెండు విరిగాయి. ఆరు వారాలు తుమ్ము వస్తుందంటే వణుకు. వెస్టు ఆలోచన అప్పుడే పుట్టింది.

మొదటిది డాలస్‌లో ఉండే మా బావ తెచ్చిచ్చాడు. అక్కడి రోడియో అనే పశువుల సవారీ పోటీల్లో ఎద్దు సవారీ చేసేవాళ్ళు తొడుక్కొనే రకం. పైన తోలు, లోపల గట్టి ఫోము, ముందు నొక్కుడు బొత్తాలు. చూడటానికి ఎంత దర్జాగా ఉండేదంటే యాత్రలో ముగ్గురు బేరమాడారు, గుర్రాన్ని కాదు, దాన్ని. ఆ వెస్టు వెనక ఒక చావు ఉంది. 1989 జులైలో వయోమింగ్ రాష్ట్రం షయెన్‌లో లేన్ ఫ్రాస్ట్ అనే సవారీదారు ఎద్దు దిగాక, అది వెనక నుంచి వీపు మీద కుమ్మింది. పక్కటెముకలు విరిగి ప్రాణం పోయింది. 25 ఏళ్ళవాడు. అతని స్నేహితుడు కోడీ లాంబర్ట్, గుర్రపు పందేల జాకీల వెస్టు చూసి, ఎద్దు సవారీకి తగ్గట్టు ఒకటి తయారు చేయించాడు. అలా మొదలైన రకం అది. కొమ్ము పోటు, గిట్ట తొక్కుడు ఒక్కచోట దిగకుండా అదురును చాతీ అంతటా పరచడం దాని పని.

ఆ పనికి అది మంచిదే అయి ఉంటుంది. నా పని వేరు. ఎద్దు సవారీ 8 సెకన్లు. నేను పిల్ల గుర్రం మీద రెండు గంటలు ఉంటాను. తోలు కింద చెమట పోయే దారి లేదు. పక్కలు రెండూ తెరిచే ఉండేవి, నా ఎముకలు విరిగింది సరిగ్గా అక్కడే. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది వీపు భాగం పొడుగు. మా జీనుకు వెనక గట్టు ఎత్తు. కూచున్నప్పుడు వెస్టు అంచు ఆ గట్టుకు ఆని పైకి లేచి మెడ వెనక పొడిచేది. దుడుకు నడకలో అడుగడుక్కీ ఓ పోటు. పైగా లోపల ఏ ప్రమాణం లేబులూ లేదు. ఏడాది తర్వాత మడిచి పెట్టెలో పెట్టాను.

రెండోదే నేను ఆరేళ్ళుగా తొడుగుతున్న రకం. అచ్చంగా గుర్రపు సవారీకి చేసిన ఫోము వెస్టు. చిన్న చిన్న పలకలుగా కోసిన ఫోము, భుజాల మీదా పక్కలకూ వెల్క్రో పట్టీలు. 2019లో సుంకంతో కలిపి 18,000 దాటింది. డబ్బు కట్టే ముందు అమ్మేవాణ్ణి ఒక్కటే అడిగాను: లోపలి లేబుల్ ఫోటో పంపు. యూరప్ వాళ్ళ ప్రమాణం ఈఎన్ 13158. అందులో మూడు స్థాయిలు. ఒకటోది తేలిక, పందేల జాకీలకు. మూడోది మామూలు సవారీకి, గుర్రాన్ని దూకించేవాళ్ళకు, నాలాగ పిల్ల గుర్రాలతో వేగేవాళ్ళకు. అమెరికా సరుకైతే ఏఎస్‌టీఎం ఎఫ్1937 అని ఉండాలి. ఫోటో పంపడానికి నసిగేవాడి దగ్గర కొనకండి. నిజామాబాద్‌లో ఒకాయన బైకు జాకెట్టు చూపించి "ఇది గూడ గదేనే అన్నా" అన్నాడు. అందులో వెన్నుకు ఒక పలక ఉంది, పక్కటెముకల దగ్గర ఏమీ లేదు.

కొలతలు మా ఆవిడ తీసింది. చాతీ, నడుము, ముందు నడుము నుంచి భుజం మీదుగా వెనక నడుము దాకా. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు, అక్కడే తేడా కొడుతుంది. తల వంచితే మెడ కింద ఒక ఎముక ఉబ్బుగా తగులుతుంది కదా, వీపు భాగం దాని దాకా రావాలి. ముందు వైపు ఆఖరి పక్కటెముక దాటి ఓ అంగుళమైనా దిగాలి. ఇక జీను మీద కూచుంటే వెస్టు వెనక అంచుకూ జీనుకూ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. దుకాణంలో నిలబడి చూసుకుంటే ఈ చివరిది తెలియదు. నేను పార్సిల్ విప్పగానే పెరట్లో గోడ మీద జీను వేసి, దాని మీద కూచుని చూశాను. పక్కింటి వదినె చూసి "మరిదికి ఏమన్న అయిందా?" అని మా ఆవిణ్ణి అడిగిందట.

పిల్లలకు కొనేటప్పుడు ఒక మాట. స్కూలు బట్టలు కొన్నట్టు "ఎదుగుతడు తియ్" అని ఒక సైజు పెద్దది తీసుకోవద్దు. వదులు వెస్టు పడేటప్పుడు జరుగుతుంది, దెబ్బ తగిలే చోట అది ఉండదు. మా అబ్బాయికి నాలుగేళ్ళలో రెండు మార్చాం. ఖర్చే, ఏం చేస్తాం.

ఇక ఎండ. మేలో మా దగ్గర 43, 44 మామూలు. ఏ వెస్టునైనా ఇక్కడ ఎండే తూస్తుంది. ఈ ఫోముకు ఒక గుణముంది: ఒంటి వేడికి మెత్తబడి ఒంటికి ఒదుగుతుంది. జనవరిలో పొద్దున ఐదింటికి తొడిగితే చెక్క పలక కట్టుకున్నట్టే. పది నిమిషాలు ముందే వేసుకొని గుర్రాన్ని మాలిష్ చేస్తూ ఉంటే దారికొస్తుంది. ఎండాకాలం ఆ మెత్తదనం బాగుంటుంది గానీ లోపల ఉడుకు. పలకల మధ్య సందులున్నా గాలి ఆడేది అంతంతే. మొదటి వేసవిలో రెండుసార్లు విసుగొచ్చి వెస్టు వేసుకోకుండా ఎక్కాను. తర్వాత సవారీ వేళలే మార్చాను: ఏడు లోపల ముగించడం, లేదా సాయంత్రం ఐదు దాటాక. లోపల పల్చటి నూలు బనీను, పని అయ్యాక మజ్జిగ. కొనేటప్పుడు మూడో స్థాయి వెస్టులే రెంటి మధ్య ఊగుతుంటే, కాస్త ధర ఎక్కువైనా పలకలు చిన్నవిగా, సందులు ఎక్కువగా ఉన్నదే తీసుకోండి. చిలక్కొయ్యకు వేలాడే వెస్టు ఎవర్నీ కాపాడదు.

దాన్ని రేకుల కొట్టంలో మాత్రం పెట్టొద్దు. 2021 మేలో వారం రోజులు మేకుకు తగిలించి ఉంచితే భుజం దగ్గర ఫోము వంకర తిరిగింది. కారు వెనక సీట్లో వదిలినా అంతే. వెల్క్రోలో పత్తి పోగులు, పల్లేరు ముళ్ళు ఇరుక్కుని పట్టు తగ్గుతుంది. పాత దువ్వెనతో వారానికోసారి దువ్వుతాను. మిర్చి యార్డు పక్కనుంచి వచ్చిన రోజు దులిపి గానీ లోపలికి తేను, ఒకసారి ఆ దుమ్ముతోనే తొడిగి మెడంతా మండిపోయింది. కవరు విడదీసి చేత్తో ఉతకొచ్చు. ఫోమును తడిగుడ్డతో తుడవడమే.

పడ్డాను, మూడుసార్లు. ఒకటి వేసవిలో నల్లరేగడి నెర్రెలో గుర్రం ముందుకాలు దిగబడి. నేల రాయిలా ఉంది. వీపు చరుచుకుంది, లేచి నడిచాను. ఇంకొకటి జొన్న కోసిన చేలో, కొయ్యల మీద. చేతుల నిండా గీతలు, వెస్టు ఉన్న మేర ఒక్కటీ లేదు. మూడోది పడటం కూడా కాదు. 2024లో చూలు గుర్రానికి తంగు (పొట్ట కింద జీను పట్టీ) బిగిస్తుంటే తిరిగి తన్నింది, కుడి పక్కన. పదడుగుల దూరంలో కూలబడ్డాను. ఊపిరి ఆడటానికి కాసేపు పట్టింది, పెద్ద కమిలిన గాయం, ఎముకలు మాత్రం నిలిచాయి. వెస్టు మీద గిట్ట గుర్తు గుంట పడింది. అలాంటి గుంట అరగంటలో తిరిగి పొంగకపోతే ఆ చోట ఫోము పని అయిపోయినట్టే. మర్నాటికీ పొంగలేదు. అదే రకం మళ్ళీ తెప్పించాను. గట్టి దెబ్బ తగలకపోయినా మూడు నుంచి ఐదేళ్ళలో మార్చమంటారు, కాబట్టి ఎలాగూ దాని గడువు తీరినట్టే.

మెడ విరగడం, నడుము మెలిపడటం వెస్టు వల్ల ఆగవు. గుర్రం మన మీద పడి నలిపితే కూడా అంతే. హెల్మెట్టు లేకుండా వెస్టు వేసుకునేవాళ్ళను చూస్తే నాకు అర్థం కాదు.

గాలి వెస్టు సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్ మిత్రుడొకడు ఏడాది పాటు వాడి చూడమని ఇచ్చాడు. దాని తాడు జీనుకు కట్టాలి. మనిషి జీను వదిలి ఎగిరితే తాడు లాగి, కార్బన్ డయాక్సైడ్ గుళిక పేలి, రెప్పపాటులో వెస్టు ఉబ్బుతుంది. మెడ చుట్టూ కూడా దిండులా పట్టుకుంటుంది. ఊరికే ముందుకు వంగితే పేలదు, గట్టి లాగుడు కావాలి. తేలిక, గాలి ఆడుతుంది, ఎండకు ఇదే హాయి. నేను పడలేదు గానీ ఒకసారి తాడు విప్పడం మరిచి దిగాను. యాత్ర మైదానంలో ఢమ్మని పేలింది. పిల్ల గుర్రం బెదిరి ఒంటెల మధ్యకు దూరింది, దాన్ని పట్టడానికి గంట. "ఏందిర, బాంబు కట్టుకొని తిరుగుతున్నవా?" అని ముసలి బేరగాడొకడు ఇప్పటికీ అంటాడు. కొత్త గుళిక రావడానికి మూడు వారాలు. ఆ మూడు వారాలూ అది ఉత్త బనీను. పోటీల్లో కూడా, పొలాల మీదుగా దూకించే క్రాస్‌కంట్రీకి, గాలి వెస్టును ఫోము వెస్టు మీదే వేసుకోమంటారు. పేలుడు శబ్దానికి బెదరని గుర్రం, గుళికలు దొరికే ఊరు ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. నేను తిరిగి ఇచ్చేశాను.

గుంట పడ్డ పాత వెస్టును కొడుక్కు ఇమ్మని ఊళ్ళో ఒకాయన అడిగాడు. పైకి బాగానే కనబడుతుంది మరి. ఇవ్వలేదు. భుజం పట్టీలు కత్తిరించి, ఫోము పలకలు విప్పి, ఆ తన్నిన గుర్రం కట్టేసే చోట గుంజకు చుట్టాను. ఇప్పుడు దాన్నే తంతుంది.